సోమవారం మ్యాట్నీలో బయటపడ్డ లెక్క: నెల్లూరు ఏరియాలో ఒక భారీ వేసవి సినిమా

నేపథ్యం

ఒక భారీ బడ్జెట్ వేసవి సినిమాని నెల్లూరు ఏరియాలో ఆడించుకునే హక్కు కొన్న బయ్యర్ కేసు ఇది. సినిమా పేరు, హీరో, సంవత్సరం, థియేటర్లు ఏవీ చెప్పను. గుర్తు దొరక్కుండా ఉండటానికి కొన్న ధరని 100 అనుకుని, షేర్, అంటే టికెట్ సొమ్ములో పన్ను, థియేటర్ రెంటు పోగా బయ్యర్‌కి మిగిలేది, ఆ లెక్కలన్నీ దాని మీద దామాషాగా ఇస్తున్నాను. టికెట్ ధరలు, పన్ను మాత్రం అప్పటి అసలు రూపాయల్లోనే ఉంటాయి. అవి మారిస్తే కేసే అర్థం కాదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులు మారకముందు జరిగిన వ్యవహారమిది.

ఆంధ్రా వ్యాపారంలో ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఆరు ఏరియాలు. వాటిలో నెల్లూరే చిన్నది. 2022లో జిల్లాలు విడిపోయి గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి, కందుకూరు నెల్లూరులోకి వచ్చినా సినిమా లెక్కల్లో పాత ఏరియాలే నడుస్తున్నాయి. ఈ బయ్యర్ నెల్లూరు ఏరియాతో పాటు ప్రకాశం వైపు కొన్ని సెంటర్లని కూడా సబ్ డిస్ట్రిబ్యూషన్‌కి తీసుకున్నాడు. తొలిరోజు మొత్తం 52 తెరలు.

ఏరియా చిన్నది కావడంతో ఒక ఇబ్బంది ఉంది. నిర్మాత తన ఖర్చులోంచి ఓటీటీ, శాటిలైట్, ఆడియో, హిందీ డబ్బింగ్ రాబడి తీసేసి, మిగిలిన లోటుని ఏరియాల మీద పంచుతాడు. ఏ ఏరియాకి ఎంత అన్నది పాత నిష్పత్తి ప్రకారం పడుతుంది. ఓటీటీ రేటు కాస్త తగ్గితే ఆ బరువు కూడా ఏరియాల మీదే పడుతుంది. అంటే నెల్లూరు ధర నెల్లూరులో ఎంతమంది సినిమా చూస్తారన్న దాన్నిబట్టి పుట్టదు, నిర్మాతకి ఎంత లోటుందన్న దాన్నిబట్టి పుడుతుంది. భారీ సినిమాల్లో నష్టానికి మొదటి బీజం ఇక్కడే పడుతుంది. సినిమా బాగుందా లేదా అన్న ప్రశ్న ఆ తర్వాతది.

నిర్మాత అడిగింది 100, అదీ మొత్తం ఎన్‌ఆర్‌ఏగా. ఎన్‌ఆర్‌ఏ అంటే సినిమా పోయినా తిరిగి రాని అడ్వాన్స్. ఈ ధర సరైనదేనని బయ్యర్ నమ్మడానికి ఒక లెక్క ఉంది. అదే హీరో ముందు సినిమా ఇదే ఏరియాలో 82 షేర్ చేసింది. ఈసారి టికెట్ ధర పెంచుకునే అనుమతి వస్తుంది కాబట్టి దాని మీద నాలుగో వంతు కలిపితే 102 వస్తుందని అంచనా.

ఆ లెక్కలో మూడు తప్పులున్నాయి. ముందు సినిమా సంక్రాంతికి వచ్చింది. సంక్రాంతికి చెన్నై, బెంగళూరు, హైదరాబాదులో ఉండేవాళ్లంతా నెల్లూరు, కావలి, ఒంగోలు, చుట్టుపక్కల పల్లెల్లోనే ఉంటారు. వరసగా నాలుగు రోజులు సెలవు, చేతిలో డబ్బు, ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే అలవాటు. వేసవి సెలవులు నెలన్నర పైనే ఉంటాయి కాబట్టి జనం ఎక్కువుంటారనుకోవడం సహజమే. అయితే ఆ సెలవుల్లో కుటుంబాలు ఊళ్లు తిరుగుతుంటాయి, పెళ్లిళ్లుంటాయి, ఇంటర్ పిల్లలకి ఎంట్రన్స్ పరీక్షలుంటాయి, సాయంత్రం ఏడున్నర నుంచి ఐపీఎల్ ఉంటుంది. తొందరగా చూసేయాలన్న ఒత్తిడి ఎవరికీ ఉండదు. సంక్రాంతికి బాగాలేని సినిమాకైనా నాలుగు రోజులు జనం వస్తారు. వేసవిలో ఆ కాపుదల ఉండదు.

రెండో తప్పు, ధర పెంచితే జనం అంతే వస్తారనుకోవడం. మూడో తప్పు పన్నుది. దీని దగ్గర కాస్త నిలబడాలి.

టికెట్ లెక్క

2022 మార్చి 7న వచ్చిన జీవో 13 ప్రకారం కార్పొరేషన్ పరిధిలో మల్టీప్లెక్స్ టికెట్ 150, ప్రత్యేక థియేటర్‌లో ప్రీమియం 125, నాన్ ప్రీమియం 100. మునిసిపాలిటీలో ఏసీ థియేటర్‌కి 80, 60. వీటి మీద జీఎస్టీ అదనం. అప్పట్లో 100 వరకు 12 శాతం, అది దాటితే 18 శాతం. అలా నెల్లూరు మల్టీప్లెక్స్‌లో 177, పెద్ద సింగిల్ స్క్రీన్‌లో 147, మునిసిపల్ పట్నంలో 90, 67 అయ్యేవి. ఈ సినిమాకి తొలి పది రోజులు సింగిల్ స్క్రీన్లలో 75, మల్టీప్లెక్సుల్లో 100 పన్నుతో కలిపి పెంచుకునే ప్రత్యేక అనుమతి వచ్చింది.

మునిసిపల్ పట్నంలో 90 రూపాయల టికెట్ 165 అయింది. 90లో పన్ను 9.60, నెట్ 80. 165కి వచ్చేసరికి శ్లాబు 18 శాతానికి మారింది కాబట్టి పన్ను 25 దాకా, నెట్ 140. ప్రేక్షకుడు 75 ఎక్కువ ఇస్తే నెట్‌లోకి వచ్చింది 60. మిగతా 15 పన్నుకి పోయింది. కొనేటప్పటి లెక్కలో ఈ 15 ఎక్కడా లేదు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. అన్ని తరగతులకీ ఒకే 75 పెంచారు. 147 టికెట్‌కి ఇది 51 శాతం పెంపు. 67 టికెట్‌కి 112 శాతం. కింది తరగతిలో కూర్చునేవాడికి ధర రెట్టింపు దాటింది. ఆ తరగతి మొత్తం సీట్లలో నాలుగో వంతే కావచ్చు, పాసు సినిమాకైనా ఫెయిలైన సినిమాకైనా చివరిదాకా నిలబడేది ఆ నాలుగో వంతే.

ఒప్పందం

ధర తగ్గించడానికి నిర్మాత ఒప్పుకోలేదు. అప్పుడు బేరం ధర మీద నుంచి రూపం మీదకి మారింది. 100 ఎన్‌ఆర్‌ఏ బదులు 70 ఎన్‌ఆర్‌ఏ, 30 తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్స్‌గా కుదిరింది. షేర్‌లో ముందు 70, పబ్లిసిటీ, క్యూబ్ చార్జీలు (సినిమాని డిజిటల్‌గా థియేటర్లకి చేర్చినందుకు కట్టేవి), థియేటర్లలో టికెట్ల లెక్క చూసే రెప్రజెంటేటివ్‌ల బత్తాలు కలిపి అయ్యే 6, ఈ 76 తీరాక వచ్చేది అడ్వాన్స్‌కి జమ. తగ్గితే నిర్మాత తిరిగి ఇవ్వాలి. దీనికి బదులుగా, 106 దాటితే వచ్చే ఓవర్‌ఫ్లోలో నిర్మాత వాటా మామూలు కన్నా ఎక్కువకి ఒప్పుకున్నారు. బయ్యర్ ఇంట్లో ఇది పెద్ద గొడవే అయింది, హిట్టయితే లాభం చేతుల్లోంచి పోతుందని. వాదన ఒకటే నిలిచింది: ఏరియా మొత్తం సామర్థ్యం చూస్తే 106 దాటాలంటే రెండో వారాంతం కూడా నిండాలి. అంత పెద్ద హిట్ వస్తే వాటా తగ్గినా మిగులుతుంది, రాకపోతే, మొత్తం ఎన్‌ఆర్‌ఏగా కొన్నప్పుడు ఈ 30 ఏ రక్షణా లేని నష్టం.

సమస్య

శుక్రవారం విడుదల. తొలిరోజు షేర్ 27. ఇందులో 9 హైర్స్, అంటే చిన్న సెంటర్ల ఎగ్జిబిటర్లు గుత్తకి ముందే కట్టిన సొమ్ము. ప్రేక్షకుడి నుంచి వచ్చింది 18. పోస్టర్ల మీద వేసేది 27, బయ్యర్ చూసుకోవాల్సింది 18. శనివారం 9, ఆదివారం 10. సోమవారం 3.

టాక్ ఫరవాలేదనే వచ్చింది. మొదటి సగం బాగుంది, రెండో సగం సాగింది, నిడివి ఎక్కువ. దాదాపు 2 గంటల 55 నిమిషాలు. ఇలాంటి టాక్‌కి వేసవిలో సోమవారం శనివారంలో సగం వస్తే నిలబడినట్టు. వచ్చింది మూడో వంతు.

నెల్లూరులోని ఒక 600 సీట్ల థియేటర్ లెక్కతో పరిస్థితి చెప్తాను. పెంచిన ధరలో హౌస్‌ఫుల్ షో నెట్ సుమారు 1,08,000. వారం రెంటు 3,50,000, ఐదు షోల లెక్కన 35 షోలు, షోకి 10,000. హాలు 9 శాతం పైన నిండితేనే రెంటు తీరుతుంది. మామూలు ధరలో హౌస్‌ఫుల్ నెట్ 71,000. అప్పుడు 14 శాతం కావాలి. సోమవారం ఆ థియేటర్‌లో ఉదయం మొదటి ఆట 6 శాతం, రెండో ఆట 11, మ్యాట్నీ 9, ఫస్ట్ షో 24, సెకండ్ షో 21. సగటు 14. ఉదయం మొదటి ఆట డెఫిసిట్, అంటే రెంటు కూడా రాలేదు, మ్యాట్నీ ఆ అంచునే ఉంది. ఇంకో రెండు రోజులు ఇలాగే దిగితే ఐదింటిలో మూడు షోలకి బయ్యరే ఎదురు రెంటు కట్టుకోవాలి. రెంటు పద్ధతిలో ఉన్న ప్రమాదం ఇది. జనం తగ్గినకొద్దీ షేర్ అదే నిష్పత్తిలో తగ్గదు, ఒక గీత దాటాక సున్నా కిందికి పోతుంది. ఎగ్జిబిటర్లకీ ఈ పద్ధతి మీద వేరే కారణాలతో అసంతృప్తి ఉంది. 2025 మే నెలలో రెంటు వద్దు, పర్సంటేజ్ కావాలని, లేకపోతే థియేటర్లు మూసేస్తామని చెప్పేదాకా వెళ్లింది ఆ అసంతృప్తే.

కారణం ఎక్కడుంది

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఒకాయన టాక్ అంటాడు, ఒకాయన ఎండ అంటాడు, ఇంకొకాయన ఐపీఎల్ అంటాడు. మూడింటికీ మందు వేరు. డీసీఆర్‌లు, అంటే థియేటర్ల నుంచి రోజూ వచ్చే కలెక్షన్ రిపోర్టులు, షోల వారీగా, తరగతుల వారీగా విడదీసి చూడటం మొదలుపెట్టాం.

సినిమా నచ్చకపోతే ముందు ఖాళీ అయ్యేది బాల్కనీ. కుటుంబాలు ఆగిపోతాయి, కింద కుర్రాళ్లు మిగులుతారు. ఇక్కడ తిరగబడింది. మునిసిపల్ పట్నాల్లో కింది తరగతి బాల్కనీ కన్నా వేగంగా ఖాళీ అయింది. టాక్ ఒక్కటే కారణమైతే ఇలా జరగదు. 112 శాతం పెంపు పడిన చోటే జనం మాయమయ్యారు.

మ్యాట్నీకి, ఫస్ట్ షోకి ఉన్న తేడా కూడా మామూలు కన్నా ఎక్కువ. కారణం ఎండే, అయితే అనుకున్న రకంగా కాదు. ఎండకి జనం బయటికి రాకపోవడం ఒక భాగం. రెండోది హాలు లోపలిది. మూడు గంటల సినిమాకి ఐదు షోలు వేస్తే షోకి షోకి మధ్య అరగంట కూడా మిగలదు. తలుపులు తెరిచి జనాన్ని పంపి, ఊడ్చి, మళ్లీ నింపేలోపు వేడి గాలి హాలంతా చేరుతుంది. పాత ఏసీ ప్లాంట్లు బయట 42, 43 డిగ్రీలున్నప్పుడు నిండు హాలుని చల్లబరచలేవు. తొలి మూడు రోజుల హౌస్‌ఫుల్ షోలకి వెళ్లినవాళ్లు ఇంటికొచ్చి చెప్పిన మాటల్లో రెండో సగం సాగిందనే మాట పక్కనే ఏసీ లేదు, ఉడికిపోయాం అన్న మాట కూడా ఉంది. మూడు గంటలు చెమటలో కూర్చున్నవాడికి రెండో సగం ఇంకా సాగినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఏసీ బాగున్న మల్టీప్లెక్సుల్లో నిడివి మీద ఫిర్యాదు తక్కువగా వినిపించింది.

తీరం వైపు సెంటర్లలో ఇంకో అంచనా తప్పింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారులు ఇళ్లదగ్గరే ఉంటారు కాబట్టి జనం ఎక్కువ వస్తారని హైర్స్ రేటు ఆ సెంటర్లలో పెంచారు. మనుషులున్నారు, రాబడి లేదు. ప్రభుత్వ సాయం ఇంటి ఖర్చులకే సరిపోదు. 142 రూపాయలు పెట్టి కింది తరగతిలో కూర్చునే స్థితి ఆ రెండు నెలల్లో ఉండదు. దీనికి పూర్తిగా ఎదురుగా, ప్రకాశం మెట్ట వైపు పొగాకు వేలం కేంద్రాలున్న ఊళ్లలో సోమవారం కూడా పడిపోలేదు. వేలం జరుగుతోంది, బేళ్లు అమ్ముడై ఖాతాల్లో డబ్బు పడుతోంది. నెల్లూరు డెల్టాలో పెద్ద పంట కోతలు మార్చి, ఏప్రిల్‌లోనే అయిపోయి, డబ్బు అప్పులకీ ఎడగారు (వేసవిలో వేసే రెండో పంట) పెట్టుబడికీ వెళ్లిపోయింది. ఒకే ఏరియా, ఒకే వారం, చేతిలో డబ్బు మూడు రకాలుగా ఉంది. తొలిరోజు తెరలు పంచేటప్పుడు దీన్ని ఎవరూ చూడలేదు.

సూళ్లూరుపేట దగ్గరున్న వంద అడుగులు దాటిన పెద్ద తెరని ఈ లెక్కల్లోంచి తీసేశాం. అక్కడికి చెన్నై నుంచి కూడా వస్తారు. దాన్ని కలిపితే మిగతా ఏరియా సగటు ఉన్నదానికన్నా మంచిగా కనిపిస్తుంది.

చేసి చూసి వదిలేసినవి

సోమవారం సాయంత్రానికే నిర్మాత ఆఫీసు నుంచి సూచన వచ్చింది, పబ్లిసిటీ పెంచమని. కొత్త డిజైన్ పోస్టర్లు, కూడళ్లలో ఫ్లెక్సీలు, లోకల్ కేబుల్ ప్రకటనలు, ఒక నటుడి థియేటర్ పర్యటన. పర్యటన జరిగిన థియేటర్‌లో ఆ ఒక్క షో నిండింది, దాని తర్వాతి షో ఎప్పట్లాగే ఉంది. సినిమా వచ్చిందని తెలియనివాడు ఏరియాలో లేడు. తెలిసి కూడా రానివాడికి మళ్లీ అదే తెలియజెప్పడానికి పెట్టే ఖర్చు వృథా. మంగళవారానికే ఆపించాం.

రెండోది, 12 నిమిషాలు కోత. కోసిన భాగం వివరాలు సెన్సార్ బోర్డుకి తెలియజేసి, కొత్త కంటెంట్ థియేటర్లకి చేరి, కొత్త కేడీఎమ్‌లు, అంటే ఆ ఫైలుని తెరిచే డిజిటల్ తాళంచెవులు, రావడానికి గురువారం అయింది. టాక్ మీద ఇది ఏ ప్రభావమూ చూపలేదు. అప్పటికే ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అయితే ఇంకో రకంగా పనికొచ్చింది, అది కిందికి చెప్తాను.

మూడోది నష్టమే తెచ్చింది. ఒక సెంటర్‌లో మూడు తెరల్లో ఆడుతుంటే, ఇంకో సినిమా రానివ్వకుండా మూడూ పట్టుకుని ఉండాలని పట్టుబట్టారు. రెండో శుక్రవారం వచ్చే చిన్న సినిమాకి తెర దొరక్కపోతే మన జనం మనకే ఉంటారన్నది ఆలోచన. మూడింటికీ రెంటు కట్టాలి, మూడింటిలోనూ 15 శాతమే, అక్కడి రెంటుకి అది చాలలేదు. నాలుగు రోజుల్లో ఆ ఒక్క సెంటరే వారాంతంలో సంపాదించిన దానిలో గణనీయమైన భాగం వెనక్కి ఇచ్చేసింది.

పనిచేసినవి

ధర తగ్గించాలన్నది సోమవారం రాత్రికే తేలింది. అయితే ఏరియా అంతా ఒకేసారి తగ్గించి పొరపాటైతే వెనక్కి పెంచలేం. ఎంత జనం పెరిగితే గిట్టుతుందో ముందే తెలియాలి. మునిసిపల్ థియేటర్‌లో రెండు తరగతులూ కలిపి చూస్తే మామూలు ధరకి వస్తే 1.8 రెట్లు జనం రావాలి. నెల్లూరు పెద్ద థియేటర్లకి 1.5 రెట్లు. మల్టీప్లెక్స్‌కి దాదాపు 1.6.

ఒకే రకమైన రెండు మునిసిపల్ పట్నాలు ఎంచుకున్నాం. సోమవారం ఒకటి 17 శాతం, ఇంకొకటి 18. మొదటిదానిలో మంగళవారం నుంచి పాత ధర, రెండోదానిలో పెంచిన ధరే. నిర్మాతని ఒప్పించడానికి కూడా ఇది ఒక్కటే దారి. మొత్తం తగ్గిస్తే సినిమా పోయిందన్న మాట బయటికి పోతుందని వాళ్ల భయం, ఒక్క ఊరికైతే ధర తగ్గింపుకి ఒప్పుకుంటూ మెయిల్ ఇవ్వడానికి అభ్యంతరం చెప్పలేదు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాం. ధర తగ్గిందన్న సంగతి జనానికి తెలియకపోతే తగ్గించీ ఉపయోగం లేదు. పోస్టర్ మీద సినిమా పేరు కన్నా పెద్దగా 90, 67 అంకెలు వేయించి, చుట్టుపక్కల పల్లెలకి ఆటోలో మైకు పెట్టి తిప్పించాం. దానికైన ఖర్చు నగరంలో వేసిన ఒక్క పెద్ద ఫ్లెక్సీకన్నా తక్కువ.

గురువారానికి ధర తగ్గించని పట్నం 13కి దిగింది. తగ్గించిన పట్నం 29కి ఎక్కింది. తగ్గించకపోతే అదీ 12 దగ్గరే ఉండేదనుకుంటే గిట్టడానికి 22 కావాలి, 29 వచ్చింది. నెట్ దాదాపు 30 శాతం మెరుగు. పెరిగినవాళ్లలో ఎక్కువమంది ఫస్ట్ షో ఆడవాళ్లు, కింది తరగతి కుర్రాళ్లు.

ఒక మల్టీప్లెక్స్‌లో అదే మూడు రోజులు 277 నుంచి 177కి తగ్గిస్తే 22 శాతం 27 అయింది. కావాల్సింది 34 పైన. అక్కడికొచ్చేవాడు ధర చూసి ఆగినవాడు కాదు, ఏసీ, సౌకర్యం చూసి వచ్చినవాడు. అందుకని రెండో శుక్రవారం నుంచి సింగిల్ స్క్రీన్లన్నిటిలో పాత ధర, మల్టీప్లెక్సుల్లో పది రోజుల గడువు ముగిసే ఆదివారం దాకా పెంచిన ధరే అని నిర్ణయించాం. రెండు ధరలేమిటని ప్రశ్న వచ్చింది. ఒకే నిర్ణయం అన్నిచోట్లా రుద్దడం వల్లే మొదట ఇబ్బంది వచ్చింది కాబట్టి దానికి లొంగలేదు.

తెరలు 52 నుంచి 31కి దించాం. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదానికి థియేటర్ పేరో, యజమానితో స్నేహమో ఆధారం కాకూడదని ముందే అనుకున్నాం. చివరి మూడు రోజుల షో నెట్‌లోంచి షో రెంటు తీసేస్తే ఎంత మిగులుతుందన్నదే కొలత. ఒకే ఊళ్లో రెండు మూడు తెరలుంటే వాటిలో ఏసీ బాగున్నది ఉంచాం, సీట్లు ఎక్కువున్నది కాదు. మూడు తెరల్లో 15 చొప్పున చెదిరిన జనం ఒకే తెరలో కూర్చుంటే హాలు సగం నిండినట్టు కనిపిస్తుంది. ఖాళీ హాల్లో చూసినవాడికీ, పక్కన నవ్వేవాళ్లున్న హాల్లో చూసినవాడికీ సినిమా ఒకేలా ఉండదు.

ఉంచిన థియేటర్లలో వారం రెంటుని షోకింతని మార్చాం, లేదా నెట్‌లో సగం సగం. ఎగ్జిబిటర్లు దీనికి ఒప్పుకుంటారా అన్న అనుమానం ఉండింది. ఒకాయన మాట అసలు సంగతి చెప్పింది: "మ్యాట్నీకి ఏసీ వేస్తే కరెంటు బిల్లుకే రావట్లేదన్నా, షో తగ్గిస్తానంటే సగం నెట్‌కి నాకేం అభ్యంతరం?" వేసవిలో కరెంటు పోతే జనరేటర్ డీజిల్ కూడా తోడవుతుంది. మూడు ఖాళీ షోలు నడపడం వాళ్లకీ భారమే. వారం రెంటు పద్ధతిలో షో ఆపితే రెంటు తగ్గదు కాబట్టి బయ్యర్ ఆపమనడు, ఏసీ వేయాలి కాబట్టి ఎగ్జిబిటర్ నష్టపోతాడు. ఒప్పందం రూపమే ఇద్దర్నీ ఖాళీ షోలకి కట్టేసింది.

సోమవారం నుంచి గురువారం దాకా ఉదయం మొదటి ఆట, మ్యాట్నీ తీసేశాం. 11 గంటలకి ఒకటి, సాయంత్రం 6కి ఒకటి, రాత్రి 9.30కి ఒకటి. 12 నిమిషాల కోత పనికొచ్చింది ఇక్కడే. ఫస్ట్ షో 9 లోపు వదిలితే హాలు చల్లబరచడానికి అరగంట దొరికింది, సెకండ్ షో పన్నెండున్నర లోపు అయిపోతే పల్లెల నుంచి బైకుల మీద వచ్చేవాళ్లు వెనక్కి పోగలిగారు. ఫస్ట్ షోకి ముక్కాలు గంట ముందే ఏసీ వేయాలని ప్రతి థియేటర్‌కీ చెప్పి, వేశారో లేదో రెప్రజెంటేటివ్ చేత ఫోన్ చేయించాం. వాళ్ల పనిలో ఇదివరకు లేని పని ఇది. టికెట్లు లెక్కపెట్టడానికి పెట్టిన మనిషి హాలు చల్లగా ఉందో లేదో కూడా చూడటం మొదలుపెడితే ఫిర్యాదులు మూడు రోజుల్లో ఆగాయి.

లెక్క ఎక్కడ తేలింది

మొదటి వారం 55.4. గురువారం వేగంతోనే పోయి ఉంటే, డెఫిసిట్లు తీసేశాక రెండో వారం 7 దాటేది కాదన్నది అప్పటి అంచనా. వచ్చింది 13.6. ఇందులో రెండో ఆదివారమే 3.6, అంటే మొదటి సోమవారం కన్నా ఎక్కువ. మూడో వారం నుంచి చివరిదాకా 5.8 వచ్చింది. నాలుగు వారాలకే ఓటీటీలో వస్తుందని అందరికీ తెలిసిపోవడంతో ఆ తర్వాత ఏమీ లేదు.

తీరం వైపు చిన్న సెంటర్ల ఎగ్జిబిటర్లు కట్టిన హైర్స్ కూడా రాక నష్టపోయారు. కాగితం ప్రకారం వాళ్లకి తిరిగి ఇవ్వాల్సిన పని లేదు. బయ్యర్ 0.8 వెనక్కి ఇచ్చాడు. వేట నిషేధం లెక్క తప్పు కట్టింది తన ఆఫీసే, ఆ థియేటర్లు లేకుండా తర్వాతి సినిమా ఆడదు, ఈ రెండూ కారణాలు. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా న్యాయమైన నిర్ణయం అది. అది పోగా మొత్తం షేర్ 74.

106 కావాల్సిన చోట 74 అంటే సినిమా ఫెయిలే. బయ్యర్‌కి మాత్రం 76లో 2 తగ్గింది, 30 నిర్మాత నుంచి రావాలి. మొత్తం ఎన్‌ఆర్‌ఏగా కొని ఉంటే నష్టం 32. రెండో వారంలో పడ్డ పాట్లన్నీ కలిపి మిగిల్చింది ఆరేడు పాళ్లు, విడుదలకి ముందు ఒప్పందంలో మార్చిన ఒక్క వాక్యం మిగిల్చింది 30. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని ఏరియా బయ్యర్లకి గట్టిగా చెప్తాను. ప్రేక్షకుడు సినిమాని తిరస్కరించలేదు. 74 అంటే సంక్రాంతి సినిమాకి కేవలం 8 తక్కువ. 68కి కొని ఉంటే ఇదే సినిమాని ఏరియాలో నిలబడ్డ సినిమా అనేవాళ్లు.

తర్వాతి కొనుగోలులో మారినవి

వేసవి సినిమాకి వేసవి సినిమాతోనే పోలిక. ముందు సినిమా మొత్తం షేర్ కాకుండా, హైర్స్ తీసేసిన తొలిరోజు, మొదటి సోమవారం, రెండో ఆదివారం ఈ మూడూ చూసి ధర కడుతున్నారు. పెంచిన ధర వల్ల వచ్చేది తొలి మూడు రోజులకే లెక్కలో వేస్తున్నారు, అదీ పన్ను పోగా. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 లోపు టికెట్‌కి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 అయింది కాబట్టి శ్లాబు దాటడం ఇంకా ఖరీదైంది. మునిసిపల్ పట్నంలో 84 రూపాయల టికెట్ మీద 75 పెంచితే అందులో 20 పన్నుకే పోతుంది. కింది తరగతికి పెంపు వద్దని, లేదా 100 దాటకుండా పెంచమని నిర్మాతని అడుగుతున్నారు. అనుమతి వచ్చేది గరిష్ఠ ధరకి, అంతా వాడుకోవాలని ఎక్కడా లేదు.

నాలుగో రోజు నుంచి మెయిల్ కోసం ఎదురుచూడకుండా సెంటర్ వారీగా ధర తగ్గించే హక్కు బయ్యర్‌కి ఉండాలని ఒప్పందంలో రాయించుకున్నారు. సోమవారం రాత్రి తేలిన నిర్ణయం ఏరియా అంతటా శుక్రవారానికి గానీ అమలు కాకపోవడం వల్ల పోయిన మూడు రోజులు మళ్లీ రావు. తెరలు పంచే ముందు వేట నిషేధం తేదీలు, పొగాకు వేలం నడుస్తున్న కేంద్రాలు, కోతలు ముగిసిన మండలాలు, పెళ్లి ముహూర్తాలు ఒక కాగితం మీద వేసుకుని కూర్చుంటున్నారు. మూఢం ఉంటే పెళ్లిళ్లుండవు, ఆ వారాంతాల్లో కుటుంబాలు దొరుకుతాయి. ఈ సంగతి సినిమా క్యాలెండర్‌లో ఉండదు, పంచాంగంలో ఉంటుంది.

నిర్మాత నుంచి రావాల్సిన 30లో 12 నగదుగా రెండో నెలలో వచ్చింది. మిగతా 18 తర్వాతి సినిమా అడ్వాన్స్‌లో సర్దుబాటయ్యేసరికి ఇంకో ఏడు నెలలు పట్టింది. నూటికి నెలకి రూపాయిన్నర వడ్డీ మీద తెచ్చిన డబ్బు కాబట్టి ఆ 18కి దాదాపు 1.9 వడ్డీ పడింది. 2 అనుకున్న నష్టం 4 దగ్గరికి వచ్చింది. అడ్వాన్స్ ఎప్పటిలోగా తిరిగి ఇవ్వాలో మొదటి ఒప్పందంలో తేదీ లేదు. ఇప్పుడు రాస్తున్న ఒప్పందంలో విడుదల నుంచి 60 రోజులని ఉంది, దాటితే అదే రూపాయిన్నర వడ్డీ నిర్మాత ఖాతాకి.